అట్ట ఒకటే, ట్రేసింగ్ కాగితాలు ఎన్నైనా

ప్రశ్న: రెండేళ్లుగా కంప్యూటర్లో విమానం నడిపే సిమ్యులేటర్ (సిమ్) ఎక్స్-ప్లేన్ 12 ఆడుతున్నాను. ఉచితంగా దొరికినవీ, కొన్నవీ కలిపి కస్టమ్ సీనరీ ఫోల్డర్లో నేల, విమానాశ్రయాల అదనపు ప్యాకులు 140 పోగయ్యాయి. ఇన్స్‌బ్రుక్ విమానాశ్రయం డబ్బు పెట్టి కొన్నాను, కానీ టెర్మినల్లోంచి ఇంకో టెర్మినల్ పొడుచుకొచ్చినట్టు కనిపిస్తోంది. శాటిలైట్ ఫోటోల నేల వేసుకున్న చోట మరో విమానాశ్రయంలో భవనాలన్నీ మాయమయ్యాయి, రన్‌వే మాత్రం మిగిలింది. ఇంకోచోట రన్‌వే మధ్యలో చెట్లు. ప్యాకుల జాబితా ఉండే ఐఎన్‌ఐ ఫైల్లో కొన్ని వరుసలు చెరిపేస్తే సిమ్ తెరవగానే మళ్లీ వచ్చేశాయి. విసుగొచ్చి ఆ ఫైల్నే తీసేశాను, పరిస్థితి ఇంకా పాడైంది. సిమ్ తెరుచుకోవడానికి పన్నెండు నిమిషాలు పడుతోంది. అన్నీ పీకేసి మొదటినుంచి వేసుకోవడమే మేలా? ఇంకో మాట, మా తమ్ముడు ఇంకా మైక్రోసాఫ్ట్ వాళ్ల పాత సిమ్యులేటర్ ఎఫ్‌ఎస్‌ఎక్స్ మీదే ఉన్నాడు. మీరు చెప్పే వరుస అతనికీ పనికొస్తుందా?

జవాబు: పీకేయకండి. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టవుతుంది. పైగా అవే 140 ప్యాకులు మళ్లీ వేస్తే అవే ఎలుకలు మళ్లీ వస్తాయి. మీరు చెప్పిన తిప్పల్లో చాలావరకు ప్యాకులు పాడవడం వల్ల వచ్చినవి కావు, ఏది దేని మీద ఉందన్న దానివల్ల వచ్చినవి. వరుస సరిచేయడం ఒక సాయంత్రం పని.

ముందు ఎక్స్-ప్లేన్ నేలను ఎలా పేరుస్తుందో చూద్దాం. ఇది అర్థమైతే మిగతాదంతా మీరే తేల్చుకోగలరు. భూగోళాన్ని అది ఒక డిగ్రీ అక్షాంశం, ఒక డిగ్రీ రేఖాంశం ఉండే గళ్లుగా కోసుకుంటుంది. ఉత్తర దక్షిణాలుగా ఒక్కో గడి సుమారు 111 కిలోమీటర్లు. ఒక్కో గడికి మీ ప్యాకుల్లో రెండు రకాల ఫైళ్లు ఉండొచ్చు. ఒకటి మెష్, అంటే కొండలు, లోయలు, నీటి అంచులతో ఉండే అసలు నేల. రెండోది ఓవర్‌లే, అంటే ఆ నేల మీద పెట్టే భవనాలు, చెట్లు, రోడ్లు. మెష్‌ను మందపాటి అట్ట అనుకోండి, ఓవర్‌లేలను ట్రేసింగ్ కాగితాలు అనుకోండి. ఎక్స్-ప్లేన్ పైనుంచి ఒక్కో కాగితం చూసుకుంటూ కిందికి వస్తుంది. ట్రేసింగ్ కాగితాలు ఎన్ని ఉన్నా అన్నింటిమీదా ఉన్న బొమ్మలు కలిపి చూపిస్తుంది. మొదటి అట్ట తగలగానే ఆగిపోతుంది. ఆ గడికి దాని కింద ఇంకో అట్ట ఉన్నా, ఇంకో పది ట్రేసింగ్ కాగితాలు ఉన్నా దానికి కనబడవు.

మీ భవనాలు మాయమైంది ఇందుకే. శాటిలైట్ ఫోటోల నేల, అంటే ఆర్థో, అట్ట జాతి. మీరు దాన్ని కొత్తగా వేశారు. ఆ ఐఎన్‌ఐ జాబితాలో లేని ప్యాకును చూడగానే ఎక్స్-ప్లేన్ దాన్ని జాబితాకి నెత్తిన పెడుతుంది. అట్ట వెళ్లి విమానాశ్రయం మీద కూర్చుంది. కింద భవనాలు క్షేమంగానే ఉన్నాయి, చూసేవాళ్లే లేరు. రన్‌వే ఎందుకు మిగిలిందంటారా? రన్‌వేలు, ట్యాక్సీవేలు ఆ గడి ఫైల్లో ఉండవు. ఏపీటీ.డ్యాట్ అనే వేరే ఫైల్లో ఉంటాయి, దానికి ఈ అట్ట సంగతి పట్టదు.

ఇదే తప్పు ఒకప్పుడు నేనూ చేశాను. భవనాలు లేని విమానాశ్రయం అమ్మారని అమ్మినవాళ్లకి ఘాటుగా మెయిల్ రాశాను. వాళ్లు ఓపికగా నా ఐఎన్‌ఐ ఫైల్ పంపమన్నారు. పంపడానికి తెరిచి చూస్తే నా ఆర్థో పై వరుసలో దర్జాగా ఉంది. ఆ మెయిల్‌ను వెనక్కి తీసుకునే దారి ఇప్పటికీ వెతుకుతున్నాను.

ఇక ఇన్స్‌బ్రుక్. దీని కథ వేరు. ఒకే విమానాశ్రయానికి రెండు ప్యాకులున్నప్పుడు రన్‌వేలు, ట్యాక్సీవేలు, పార్కింగ్ స్థలాలు పై ప్యాకువే తీసుకుంటుంది, కింద దాన్ని పూర్తిగా వదిలేస్తుంది. భవనాల విషయంలో అలా కాదు. అవి ట్రేసింగ్ కాగితం మీదివి కాబట్టి రెండు ప్యాకులవీ గీస్తుంది. కింది భవనాలు కనబడకూడదంటే పై ప్యాకు తయారుచేసినవాళ్లు ‘ఈ మేరలో నా కింద ఎవరూ ఏమీ పెట్టొద్దు’ అని ఒక హద్దు గీసి ఉంచాలి. దాన్నే ఎక్స్‌క్లూజన్ జోన్ అంటారు. ఈ హద్దు కిందికే పనిచేస్తుంది, పైనున్న ప్యాకును ఏమీ చేయలేదు. మీరు కొన్నదానికి హద్దు ఉండే ఉంటుంది, కానీ ఉచితంగా దొరికిన పాత ఇన్స్‌బ్రుక్ దానికంటే పైన ఉండి ఉంటుంది. రన్‌వే మీద చెట్ల సంగతీ దాదాపు ఇంతే. అడవుల ఓవర్‌లే విమానాశ్రయం కంటే పైన ఉంటే విమానాశ్రయం గీసిన హద్దు దాన్ని ఆపలేదు.

అసలు ఒక గడి మీద మీ దగ్గర ఏమేం ఉన్నాయో తెలుసుకునే సులువు ఒకటుంది. గడి ఫైలుకి దాని నైరుతి మూల అక్షాంశ రేఖాంశాలే పేరు. ఇన్స్‌బ్రుక్ 47.26 ఉత్తరం, 11.34 తూర్పు దగ్గర ఉంది కాబట్టి దాని ఫైల్ +47+011.డీఎస్‌ఎఫ్. కస్టమ్ సీనరీ ఫోల్డర్ తెరిచి వెతికే పెట్టెలో ఆ పేరు కొట్టండి. ఏయే ప్యాకులు ఆ గడిలో చెయ్యి పెట్టాయో వరుసగా కనిపిస్తాయి. మీకు నాలుగో అయిదో వస్తాయని నా అంచనా. దక్షిణానికీ పడమరకీ మైనస్ గుర్తు ఉంటుంది. అక్కడ మాత్రం ఒకసారి ఆగి లెక్క చూసుకోండి. సిడ్నీ 33.9 దక్షిణంలో ఉన్నా దాని గడి పేరు -34+151, ఎందుకంటే నైరుతి మూల ఇంకా కిందికి ఉంటుంది.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఐఎన్‌ఐ ఫైల్ గురించి. అది సీనరీ_ప్యాక్స్ పేరుతో కస్టమ్ సీనరీ ఫోల్డర్లోనే ఉంటుంది. ఏ ప్యాకు ముందు, ఏది వెనక అన్నది చెప్పేది ఇదొక్కటే. పైనున్న వరుసకి ఎక్కువ అధికారం. మీరు వరుస చెరిపేస్తే తిరిగొచ్చింది ఎందుకో ఇప్పుడు తెలిసిపోతుంది. ఫోల్డర్ అక్కడే ఉంది, జాబితాలో పేరు లేదు, కాబట్టి కొత్త చుట్టం అనుకుని పైన కూర్చోబెట్టింది. అంటే చెరిపేయడం వల్ల ఆ ప్యాకు పోకపోగా ఇంకా పైకి ఎక్కింది. ఆపాలంటే వరుస మొదట్లో ఉండే సీనరీ_ప్యాక్ అనే మాటకి అండర్‌స్కోర్ తగిలించి డిజేబుల్డ్ అని ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాయండి. ఫోల్డర్ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది, సిమ్ దాన్ని ముట్టుకోదు. ఎప్పుడైనా కావాలంటే ఆ ముక్క తీసేస్తే చాలు.

ఫైల్ మొత్తం తీసేస్తే ఎక్స్-ప్లేన్ కొత్తది తయారుచేస్తుంది, కానీ ప్యాకుల్ని ఫోల్డర్ పేర్ల అక్షరక్రమంలో పేరుస్తుంది. ఏది అట్టో ఏది కాగితమో దానికి అక్కర్లేదు. ఇంగ్లీషు ‘A’ అక్షరంతో మొదలయ్యే మెష్ అన్నింటికంటే పైకి వెళ్తుంది. ఆర్థో4ఎక్స్‌పీ అనే ఉచిత పరికరంతో నేల తయారుచేసుకుంటే గళ్ల ఫోల్డర్ల పేర్లు జెడ్‌తోనూ, ఓవర్‌లే ఫోల్డర్ పేరు వైతోనూ ఎందుకు మొదలవుతాయో చాలామంది గమనించరు. అక్షరక్రమంలో పేర్చినా అవి అడుగునే ఉండాలని. మీరు కూడా స్వయంగా దించుకున్న ఉచిత మెష్‌లకి ముందు జెడ్ తగిలించుకుంటే ఈసారి ఫైల్ పోయినా నడుం విరగదు. కొన్న ప్యాకుల పేర్లు మాత్రం మార్చకండి. వాటితో వచ్చే అప్‌డేటర్ పాత పేరు కోసం వెతికి, దొరక్క, పక్కన ఇంకో కాపీ దించే ప్రమాదం ఉంది. వాటికి ఐఎన్‌ఐలో వరుస జరపడమే మంచిది.

వరుస ఇలా ఉండాలి. అన్నింటికంటే పైన కొన్నవీ, దించుకున్నవీ విడి విమానాశ్రయాలు. ఒకే చోటికి రెండుంటే ఒకటి డిజేబుల్ చేయండి, రెండూ ఉంచి పైన కింద ఆటలాడకండి. తర్వాత రెండు పక్కలా నక్షత్రం గుర్తులతో గ్లోబల్ ఎయిర్‌పోర్ట్స్ అనే వరుస. సీనరీ గేట్‌వే ద్వారా ఔత్సాహికులు పంపిన వేల విమానాశ్రయాలు సిమ్‌తోపాటే వస్తాయి, అవే ఇవి. ఐఎన్‌ఐ తీసేసి కొత్తది చేయించారు కదా, ఈ వరుస ఇప్పుడు ఎక్కడ చేరిందో తప్పకుండా చూడండి. మీరు కొన్న విమానాశ్రయాల కంటే పైకి చేరితే కొన్నవన్నీ దండగే. దాని కింద పెద్ద ప్రాంతాల ఓవర్‌లేలు. సిమ్‌హెవెన్ వాళ్ల ఎక్స్-వరల్డ్ లాంటివి వాడుతుంటే వాటి ఫోల్డర్ పేర్లలోనే 1, 2, 3 అని అంకెలుంటాయి, ఆ క్రమం చెడగొట్టకండి. ఆర్థో4ఎక్స్‌పీ ఓవర్‌లే దాని తర్వాత. దాని కింద ఆర్థో గళ్లు. అట్టడుగున మెష్.

లైబ్రరీలను ఎక్కడ పెట్టాలని అందరూ అడుగుతారు. చాలావరకు ఎక్కడైనా ఫరవాలేదు. ఓపెన్‌సీనరీఎక్స్, మిస్టర్ఎక్స్ లైబ్రరీ లాంటివి నేల మీద ఏమీ పెట్టవు. వేరే ప్యాకులు అడిగినప్పుడు ఇచ్చే వస్తువుల గోదాము అవి. నేను కళ్లకి అడ్డం లేకుండా విమానాశ్రయాల కింద ఒకచోట గుంపుగా పెట్టుకుంటాను, అంతే.

ఆర్థో గురించి ఇంకో సంగతి చెప్పాలి, ఎందుకంటే వరుసంతా సరిచేశాక మీకు తగిలే తర్వాతి దెబ్బ ఇదే. ఎక్స్-ప్లేన్ సొంత నేలలో కొండలతోపాటు రోడ్లు, అడవులు, ఊళ్లు అదే ఫైల్లో కలిసి ఉంటాయి. ఆర్థో వేసుకున్నాక ఆ అట్ట మొత్తం పక్కకి పోతుంది, దానితోపాటు రోడ్లూ చెట్లూ పోతాయి. పైనుంచి చూస్తే ఫోటో అద్భుతంగా ఉంటుంది, కిందికి దిగితే నేల మీద పరిచిన తివాచీలా ఒక్క చెట్టు లేచి ఉండదు. అందుకే ఆర్థో4ఎక్స్‌పీ సొంత నేలలోంచి రోడ్లనూ చెట్లనూ విడదీసి వై అక్షరం ఫోల్డర్లో పెడుతుంది. అది లేకపోయినా, ఆర్థోకి కింద పడినా తివాచీ తివాచీలాగే ఉంటుంది. గళ్లు తయారుచేసేటప్పుడు ఓవర్‌లే విడదీయడం మర్చిపోయారేమో చూసుకోండి. చాలామంది మర్చిపోతారు.

అలాగే, కొన్న ఇన్స్‌బ్రుక్‌తో దాని కోసమే తయారుచేసిన మెష్ కూడా వచ్చి ఉంటే మీకొక చిక్కు ఉంది, దీనికి తెలివైన పరిష్కారం లేదు. గడికి అట్ట ఒక్కటే. ఆ మెష్‌ను ఆర్థో కంటే పైన పెడితే రన్‌వే చుట్టూ నేల చక్కగా కలుస్తుంది, కానీ ఆ గడిలో మీ ఆర్థో ఫోటోలు మొత్తం పోతాయి. ఆర్థోను పైన పెడితే లోయ నిజం ఫోటోలా ఉంటుంది, విమానాశ్రయం అంచుల్లో మాత్రం నేల మెట్టులా తెగో, భవనం పునాది గాల్లో తేలో కనిపించొచ్చు. రెండూ కావాలని వరుసలు అటూ ఇటూ మారుస్తూ రాత్రుళ్లు గడపకండి. నా మాటకొస్తే, ఇన్స్‌బ్రుక్‌లో దిగడమే మజా, ఆ కొండల మధ్యనుంచి తిరిగి రన్‌వే పట్టుకోవడంలోనే ఉంది ఆనందమంతా. అలాంటి చోట మెష్‌కే ఓటేస్తాను. ఎక్కువసేపు పైపైన ఎగిరే చోట ఆర్థోకి.

మార్చే పద్ధతి చెబుతాను. సిమ్ మూసి ఉన్నప్పుడే ఫైల్ ముట్టుకోండి, తెరిచి ఉండగా చేసిన మార్పులు గాల్లో కలిసిపోవచ్చు. నోట్‌ప్యాడ్ వాడండి, వర్డ్ వద్దు. మొదలుపెట్టే ముందు ఫైల్‌కి తేదీ పేరుతో ఒక కాపీ తీసి ఎక్స్-ప్లేన్ ఫోల్డర్ బయట పెట్టుకోండి. పాత ఫైల్ తీసేసేముందు ఈ పని చేసి ఉంటే ఇప్పుడు ఈ ఉత్తరం సగమే ఉండేది. వరుసల్ని వాటంతటవే సర్దే ఎక్స్‌ఆర్గనైజర్ లాంటి పరికరాలున్నాయి. బాగానే పనిచేస్తాయి, కానీ అవి ఒక్కోసారి ఏది మెషో ఏది కాదో తప్పుగా పోల్చుకుంటాయి. అట్ట, కాగితం తేడా తెలిశాక వాడితే దాని తప్పు మీకు కనిపిస్తుంది, తెలియకముందు వాడితే కనిపించదు.

వరుస సరిచేశాక కూడా సిమ్ తెరవగానే ఫలానా ప్యాకు లోడ్ చేయడంలో ఇబ్బంది వచ్చిందని సందేశం వస్తే, సర్దడం మానేసి లాగ్ ఫైల్ తెరవండి. ఎక్స్-ప్లేన్ ప్రధాన ఫోల్డర్లోనే ఉంటుంది, సిమ్ తెరిచిన ప్రతిసారీ కొత్తగా రాసుకుంటుంది. కాబట్టి తప్పు కనిపించిన వెంటనే కాపీ తీసుకోవాలి. అందులో ఫలానా వస్తువు దొరకలేదు, దాన్ని ఫలానా ప్యాకు అడిగింది అని స్పష్టంగా ఉంటుంది. ఆ వస్తువు దారి మొదట్లో ఉన్న పేరే సాధారణంగా మీ దగ్గర లేని లైబ్రరీ పేరు. ఇంగ్లీషులో అంత పొడవు చూసి కంగారు పడకండి. సీనరీ అన్న మాట కోసం వెతికితే కావలసిన ముక్క దొరుకుతుంది.

లాగ్‌లో ఏమీ లేకుండా సిమ్ కూలిపోతుంటే సగం సగం పద్ధతి వాడండి. 140లో 70 డిజేబుల్ చేసి తెరవండి. తప్పు పోతే అది ఆపిన సగంలో ఉంది, పోకపోతే మిగిలిన సగంలో. మళ్లీ సగం. ఎంత దురదృష్టవంతులైనా ఎనిమిదిసార్లు తెరిచేసరికి దొంగ దొరుకుతాడు. లైబ్రరీలను మాత్రం ఈ ఆటలోకి లాగకండి. వాటిని ఆపితే లేని తప్పులు కొత్తగా పుట్టి లెక్క చెడుతుంది.

పన్నెండు నిమిషాల సంగతి. ఆర్థో గళ్లు వంద ఉన్నా సిమ్ మీ విమానం చుట్టుపక్కల గళ్లనే ఎక్కించుకుంటుంది. కాబట్టి సంఖ్య కంటే ఎంత నాణ్యతతో చేశారన్నదే ముఖ్యం. ఆర్థోలో జూమ్ స్థాయి ఒకటి పెరిగితే ఫోటోల సంఖ్య నాలుగింతలవుతుంది. 16తో చేసినదాన్ని 18తో చేస్తే పదహారింతలు. రెండు వైపులా 4096 చుక్కలుండే ఫోటో పలక ఒక్కోటి కనీసం సుమారు 11 ఎంబీ. గడి మొత్తం 16తోనో 17తోనో చేసి, విమానాశ్రయాల దగ్గర మాత్రమే 18 పెట్టుకోండి, ఆర్థో4ఎక్స్‌పీలో ఆ వీలుంది. మీరు ఆర్నెల్లుగా వెళ్లని ప్రాంతాల విమానాశ్రయాలను డిజేబుల్ చేయండి, తెరిచేటప్పుడు వాటి ఫైళ్లు చదివే పని తగ్గుతుంది. ఆర్థోలు పాత తిరిగే డిస్కు మీద ఉంటే ఎస్ఎస్‌డీకి మార్చండి. చోటు లేదంటే ఇంకో డ్రైవులో ఉంచి కస్టమ్ సీనరీలో షార్ట్‌కట్ పెట్టినా సిమ్ ఒప్పుకుంటుంది. ఇలా చేస్తే ఐఎన్‌ఐలో ఆ ప్యాకు పూర్తి దారితో కనిపిస్తుంది, చూసి గాభరా పడకండి.

ఇక మీ తమ్ముడు. 2006లో వచ్చిన ఎఫ్‌ఎస్‌ఎక్స్‌లో పొరల ఆలోచన ఒకటే అయినా గుర్తులు తిరగబడి ఉంటాయి. సెట్టింగుల్లోని సీనరీ లైబ్రరీ తెరమీద పైనున్నదే గొప్ప, ఇక్కడిదాకా మీ వరుసలాగే. కానీ దాని వెనకున్న సీనరీ.సీఎఫ్‌జీ ఫైల్ తెరిస్తే ప్రతి ప్యాకుకీ లేయర్ అని ఒక అంకె ఉంటుంది. అందులో పెద్ద అంకె ఉన్నదే పైన. ఒకటి అంటే మొదటిది అనుకుని దిద్దితే మొత్తం తలకిందులవుతుంది. ఒకే అంకె రెండు ప్యాకులకి పడకుండా చూసుకోమనండి. ఆ ఫైల్ రెండు చోట్ల కనిపిస్తుంది. ఎఫ్‌ఎస్‌ఎక్స్ ఇన్‌స్టాల్ చేసిన ఫోల్డర్లో ఉన్నది నమూనా మాత్రమే, అసలు వాడేది ప్రోగ్రామ్‌డేటా అనే దాచిన ఫోల్డర్లో ఉంటుంది. ఇంకో తేడా కూడా ఉంది. విమానాశ్రయం ఎత్తు విషయంలో మాత్రం ఎఫ్‌ఎస్‌ఎక్స్ అడుగునున్న పొర మాట వింటుంది. అందుకే ఎత్తు సరిచేసే చిన్న ఫైళ్లను ప్యాకుతోపాటు పైన పెట్టకుండా సీనరీ ఫోల్డర్లోని వరల్డ్ అనే దాంట్లో వేయమంటారు. విమానాశ్రయం గుంతలోకి దిగిపోయిందనో, గుట్టమీదికి ఎక్కిందనో అతను ఎప్పుడైనా అంటే ముందు ఆ ఫైల్ ఎక్కడుందో అడగండి.